త్రిభుజం కోణాల మొత్తం 180 డిగ్రీలే ఎందుకు? గట్టు మీద నడిపించి చూడండి

"ఏడో తరగతి చదివే మా అమ్మాయి మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలని చెబుతుంది, ఎందుకని అడిగితే మాట్లాడదు" అని ఒకరు నాకు రాశారు. అమలాపురం దగ్గరి పల్లెలో పిల్లలకు లెక్కలు చెబుతాను కాబట్టి ఈ మౌనం నాకు బాగా తెలుసు.

కాగితం త్రిభుజం మూలలు చింపి పక్కపక్కన పేర్చడం మంచిదే. అయితే అది కుదిరిందని చూపుతుంది తప్ప ఎందుకు కుదరాలో చెప్పదు. కోణమాపకంతో కొలిపిస్తే ఒకరికి 178, ఇంకొకరికి 181 వస్తుంది. వెంటనే 180 అని దిద్దేసుకుంటారు!

మా పిల్లలకు అర్థమైంది నడకతో. కాలువ ఒక పక్క, రోడ్డు ఒక పక్క కోసుకుపోగా మిగిలిన మూడు మూలల పొలం ముక్కలు ఈ లంకల్లో ఎన్నో. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక గట్లు ఆరి ఉంటాయి. ఒక గట్టు మధ్యలో నిలబెట్టి, చుట్టూ నడిచి రమ్మనండి. ప్రతి మూలలోనూ ఆగి, తాను ఎంత తిరిగిందో చూసుకోవాలి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. మూల 30 డిగ్రీలైతే పిల్ల తిరిగేది 30 కాదు, 150. తిరిగింది బాహ్యకోణం, లోపలిది అంతరకోణం, రెండూ కలిస్తే 180. ఇది మనసుకు పట్టేదాకా ముందుకు పోకండి. నేనైతే మూలలో ఒక కర్రను నేరుగా పడుకోబెట్టి, తిరగకపోతే ఎటు పోయేవారో చూపిస్తాను.

బయలుదేరిన చోటికి, మొదటి దిక్కుకే ముఖం పెట్టి చేరిందంటే మొత్తం 360 డిగ్రీలు తిరిగినట్టే. మూడు మూలల్లో లోపలివీ బయటివీ కలిపి 540. అందులోంచి 360 తీస్తే మిగిలేది 180. ముక్క ఏ ఆకారంలో ఉన్నా ఇంతే.

ఆ తర్వాత పుస్తకంలోని నిరూపణ చెప్పండి: శీర్షం గుండా ఎదుటి భుజానికి సమాంతర రేఖ గీస్తే, కింది రెండు కోణాలకు సమానమైన ఏకాంతర కోణాలు పైన, శీర్షకోణానికి చెరో పక్క కనిపిస్తాయి; మూడూ కలిసి ఆ సరళరేఖ మీద 180 అవుతాయి. ప్రాచీన గ్రీకు గణితజ్ఞుడు యూక్లిడ్ రాసిన 'ఎలిమెంట్స్' మొదటి పుస్తకంలోని 32వ ప్రతిపాదన కూడా సమాంతర రేఖనే ఆసరా చేసుకుంది.

భూమి గుండ్రం కదా అని అమ్మాయి అడిగితే సంతోషించండి. ఉత్తర ధ్రువం నుంచి 90 డిగ్రీల తేడాతో రెండు రేఖాంశాలు భూమధ్యరేఖకు దిగితే, ఆ త్రిభుజంలో మొత్తం 270. బ్రిటిష్ సైనికాధికారి విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన త్రిభుజాల సర్వేలో ఈ ఎక్కువను లెక్కలోకి తీసుకోవలసి వచ్చింది. సుమారు 200 చదరపు కిలోమీటర్ల త్రిభుజానికి అది 1 సెకను, అంటే డిగ్రీలో 3600వ వంతు. పొలం గట్టు దగ్గర దాని ఊసే అక్కర్లేదు.