పరాయి దేశంలో మనసు బాగోలేకపోతే

ప్రశ్న: అక్కావాళ్లు ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటారు. బాబు పుట్టి ఏడు నెలలైంది. అక్కకి నిద్ర పట్టదు, ఊరికే ఏడుస్తుంది, ఒళ్లంతా నొప్పులంటుంది. ఇంగ్లిష్ అంతంతమాత్రం. బావగారు జీపీ (అక్కడి ఫ్యామిలీ డాక్టర్) దగ్గరికి తీసుకెళ్తే రక్తపరీక్షలు చేసి, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఇంకెక్కడికి వెళ్లాలి? డిపెండెంట్ వీసాకేమైనా ఇబ్బందా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఒంటినొప్పుల గురించే చెబితే రక్తపరీక్షలే చేస్తారు. ఈసారి ఏడుపు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ముందు చెప్పమనండి.

అసలు జీపీ చీటీ లేకుండానే, దిగులు, ఆందోళనలకి మాటలతో చికిత్స చేసే ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ) టాకింగ్ థెరపీస్‌లో మీ అక్కగారు నేరుగా పేరు ఇచ్చుకోవచ్చు. 2023 వరకు దీన్ని ఐఏపీటీ అనేవారు. ఉచితం, జీపీ దగ్గర రిజిస్టరై ఉంటే చాలు. ఎన్‌హెచ్‌ఎస్ వెబ్‌సైట్‌లో జీపీ పేరు కొడితే ఆ ప్రాంతం సర్వీసు కనిపిస్తుంది. ఫారంలో ఏడాదిలోపు బిడ్డ ఉన్నాడని తప్పక రాయాలి. బాలింతల్ని చాలాచోట్ల ముందు పిలుస్తారు.

దుబాసీ ఉచితమే. అయితే ‘తెలుగు’ అని స్పష్టంగా రాయాలి. ‘ఇండియన్’ అని వదిలేస్తే హిందీవాళ్లని పెట్టే ప్రమాదం ఉంది. ఆడవాళ్లే కావాలని, వేరే ఊరినుంచి ఫోన్‌లో మాట్లాడేవాళ్లు కావాలని కూడా అడగొచ్చు. మనవాళ్లు తక్కువున్న ఊళ్లో తెలిసినవాళ్లే వస్తారన్న బెంగ ఉండదు. బావగారిని మాత్రం దుబాసీగా కూర్చోబెట్టొద్దు. ఆయన ఎంత మంచివారైనా సరే, ఆయన ముందు, అత్తగారింటి మాట వచ్చినప్పుడు, ఆవిడ నోరు పెగలదు.

టాకింగ్ థెరపీస్ వాళ్ల మొదటి ఫోన్ తరచూ నంబరు కనిపించకుండా వస్తుంది. ఎత్తకపోతే, రెండుమూడుసార్లయ్యాక పేరు తీసేస్తుంటారు. ఆ ఫోన్‌లో రెండు ప్రశ్నపత్రాలుంటాయి. దిగులుకి పీహెచ్‌క్యూ-9, ఆందోళనకి జీఏడీ-7. గత రెండు వారాల్లో ఒక్కో బాధ ఎన్ని రోజులుందో బట్టి 0 నుంచి 3 దాకా మార్కులు. మొదటిదాంట్లో 27కి 10, రెండోదాంట్లో 21కి 8 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే చికిత్స అవసరమని లెక్క. మనవాళ్లు తప్పేది సరిగ్గా ఇక్కడే. ‘ఏదో అప్పుడప్పుడూ, పర్లేదండీ’ అంటారు. మార్కులు తగ్గుతాయి, ఏ ఆన్‌లైన్ పాఠమో చేతిలో పెట్టి సరిపెడతారు. రోజూ ఉంటే రోజూ అనే చెప్పాలి. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచనల గురించి. అవునంటే బిడ్డని లాక్కుపోతారన్న భయం చాలామంది తల్లులకుంటుంది. ఆ ఒక్క జవాబుకి అలా చేయరు. తల్లి ఎంత క్షేమంగా ఉందో ఇంకొంత అడుగుతారు. బాధ తీవ్రంగా ఉంటే బాలింతల కోసమే ఉన్న పెరినేటల్ టీమ్‌కి పంపమని జీపీని గానీ, హెల్త్ విజిటర్‌ని (పసిబిడ్డల బాగోగులు చూసే నర్సు) గానీ అడగండి.

డిప్రెషన్‌కి చికిత్స తీసుకున్నారని డిపెండెంట్ వీసా పోదు.

లేని గొంతులు వినిపించినా, రోజుల తరబడి నిద్రలేకుండా వింతగా మాట్లాడినా ఇవేవీ వద్దు, ఆరోజే ఆస్పత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ప్రాణాపాయమైతే 999కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మా అబ్బాయి లండన్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. నెలరోజులుగా ఫోన్లో ముక్తసరిగా మాట్లాడుతున్నాడు, గది దాటి రావట్లేదట. గుంటూరులో ఉండి మేమేం చేయగలం?
- ఒక తండ్రి

జవాబు: వీసాతోపాటు ఏడాదికి 776 పౌండ్ల హెల్త్ సర్‌చార్జి కట్టే ఉంటారు, కాబట్టి ఎన్‌హెచ్‌ఎస్ వాడుకోవడం అతని హక్కు. జీపీ దగ్గర రిజిస్టరయ్యాడో లేదో ముందు కనుక్కోండి. చాలామంది పిల్లలు జ్వరం వచ్చేదాకా ఆ పని చేయరు. యూనివర్సిటీలో కౌన్సెలింగ్ సర్వీసు ఉంటుంది. రాత్రిపూట గుబులైతే ఎన్‌హెచ్‌ఎస్ హెల్ప్‌లైన్ 111కి చేసి 2 నొక్కాలి, లేదా మనసు బాధ వినే స్వచ్ఛంద సంస్థ సమారిటన్స్‌కి 116 123లో చేయాలి. రెండూ 24 గంటలూ ఉచితం.

మన నేపథ్యం తెలిసిన థెరపిస్టు కావాలంటే బ్లాక్, ఆఫ్రికన్ అండ్ ఏషియన్ థెరపీ నెట్‌వర్క్ జాబితాలో వెతకొచ్చు. ఏషియన్ అని ఉన్నంత మాత్రాన తెలుగు వస్తుందనుకోవద్దు. అపాయింట్‌మెంట్ తీసుకునేముందు భాష అడగండి.

18 నిండిన విద్యార్థి గురించి అతని అనుమతి లేకుండా యూనివర్సిటీ సాధారణంగా మీకేమీ చెప్పదు. కానీ మీరు చెప్పేది వింటుంది. వెల్‌ఫేర్ విభాగానికి మెయిల్ పెట్టండి: పేరు, కోర్సు, హాస్టల్ గది, చివరిసారి ఎప్పుడు మాట్లాడాడు, ఏం మారిందని అనుమానం. వాళ్లు మనిషిని పంపి చూసి రావచ్చు.