బాక్సు ముందు గుడ్డ కూడా వాయిస్తుంది

"బేస్ గిటార్‌కు యాంప్ కొనేటప్పుడు సంగీతకారులు శబ్దం చూస్తారా, రూపం చూస్తారా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి" అని అడిగారు.

గుంటూరులో ఇరవై ఏళ్లకు పైగా బేస్ వాయిస్తున్నాను. పెళ్లి రిసెప్షన్లు, కాలేజీ వార్షికోత్సవాలు, చర్చి ఆరాధనలు, క్రిస్మస్ రాత్రులు అన్నీ చూశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఇవి రెండు ప్రశ్నలు కావు. యాంప్ గిటార్ శబ్దాన్ని పెంచుతుంది, బాక్సు అంటే ఆ శబ్దం బయటికి వచ్చే స్పీకరు పెట్టె. బేస్ బాక్సు రూపం దాని శబ్దం నుంచే పుడుతుంది. రూపాన్ని ముట్టుకుంటే శబ్దం మారుతుంది. "నేను శబ్దం ఒక్కటే చూస్తాను, రూపంతో నాకు పని లేదు" అనే వాద్యకారుడి మాట నేను నమ్మను. అతన్ని దుకాణంలోకి తీసుకెళ్లండి, చెయ్యి మొదట దేని మీదికి వెళ్తుందో చూడండి.

అమెరికా కంపెనీ యాంపెగ్ తెచ్చిన ఎస్‌వీటీ అనే బేస్ యాంప్ సంగతే తీసుకోండి. 1969లో వచ్చింది. 300 వాట్లు, పద్నాలుగు వాల్వులు (వెలిగే గాజు గొట్టాలు), స్పీకర్లు లేని యాంప్ భాగం, అంటే హెడ్ ఒక్కటే దాదాపు 38 కిలోలు. దాని కింద నిలువెత్తు బాక్సు, అందులో పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది. ప్రపంచమంతా దాన్ని ఫ్రిజ్ అని పిలుస్తుంది. వేదిక మీద దాన్ని చూస్తేనే ఛాతీ నిండుతుంది. అయితే ఆ ఆకారాన్ని ఎవరూ అందం కోసం గీయలేదు. ఆనాటి స్పీకర్లు అంత శక్తిని తట్టుకోలేవు కాబట్టి భారాన్ని ఎనిమిదింటికి పంచారు. మొదట్లో ఒక్క బాక్సు చాలక హెడ్‌కు రెండు బాక్సులు కలిపే వాడేవారు. మనం గంభీరంగా ఉందని మురిసిపోయే ఆ రూపం వెనుక ఉన్నది స్పీకర్లు కాలిపోతాయన్న భయమే.

అదే కంపెనీ 1960లో తెచ్చిన పోర్టాఫ్లెక్స్ ఇంకా ముచ్చటైనది. యాంప్‌ను బాక్సు మూతకే బిగించారు. వాయించేటప్పుడు మూత తిప్పి పెడితే వాల్వులు పైకి వచ్చి వెలుగుతాయి, ప్రయాణంలో తిప్పేస్తే లోపలికి వెళ్లి భద్రంగా ఉంటాయి. నీలి గళ్ల తొడుగుతో ఉన్న ఆ పాత పెట్టె ఫోటోలు నా ఫోనులో ఇప్పటికీ ఉన్నాయి. గిటార్లు చేసే అమెరికా కంపెనీ ఫెండర్ సంగతి సరేసరి. 1951లో ప్రెసిషన్ బేస్ తయారుచేసి, దానికోసం 1952లో బాస్‌మ్యాన్ యాంప్ తెస్తే, చివరికి దాన్ని గిటారిస్టులు ఎత్తుకుపోయారు. లండన్‌లో జిమ్ మార్షల్ తన మొదటి యాంప్‌ను దాని నమూనాలోనే కట్టాడు. బేస్ వాళ్ల సొత్తు గిటార్ వాళ్ల పాలవడం అప్పటి నుంచీ ఉన్నదే. మా ఆర్కెస్ట్రాలోనూ ఖాళీగా ఉన్న ప్లగ్ పాయింటు ఎప్పుడూ గిటారిస్టుకే దక్కుతుంది.

ఇక నా బాక్సు కథ చెబుతాను. రూపం, శబ్దం ఒక్కటేనని నేను పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు.

విజయవాడ గవర్నరుపేటలో ఒక ఆర్కెస్ట్రా ఆయన వాద్యాలన్నీ అమ్మేస్తుంటే ఒక పాత బాక్సు కొన్నాను. లోపల ఒక పదిహేను అంగుళాల స్పీకరు, పైన సన్నని శబ్దాలకు చిన్న హారన్, కింద గాలి బయటికి రావడానికి అడ్డంగా ఒక సందు. చెక్క గట్టిది, స్పీకరు మంచిది. ముందు గుడ్డ మాత్రం ఎలుకలు కొరికి చీలికలు పేలికలైంది. దాన్ని అలాగే వేదిక ఎక్కించడానికి నాకు మనసు ఒప్పలేదు. మా బాబాయి మంగళగిరిలో మగ్గం నేస్తారు. ఆయన దగ్గర ముదురు ఆకుపచ్చ నూలు గుడ్డ తీసుకున్నాను, అడుగున బంగారు రంగు నిజాం అంచు. చట్రానికి బిగించి, అంచు సరిగ్గా బాక్సు అడుగున వచ్చేలా మేకులు కొట్టాను. అంత అందమైన బేస్ బాక్సు నేను ఏ దుకాణంలోనూ చూడలేదు. ఈ మాట ఇప్పటికీ అంటాను.

ఇంట్లో వాయిస్తే బాగుంది. చర్చి హాలులో సాధనకు తీసుకెళ్తే అందరూ చుట్టూ మూగారు. అక్కడ తక్కువ శబ్దంతోనే వాయించాం, తేడా ఏమీ తెలియలేదు. క్రిస్మస్ రాత్రి మైదానంలో వేదిక. చలిగాలి, నిండుగా జనం, ముందు వరసలో కుర్చీల్లో పెద్దలు. రెండో పాట జి శ్రుతిలో ఉంది. కింది తీగ మూడో మెట్టు మీద మొదటి స్వరం పట్టాను. బాక్సులోంచి "బుర్ర్" మని ఒక మోత వచ్చింది. కాగితం చిరిగినట్టు, పెద్ద ఈగ సీసాలో ఇరుక్కున్నట్టు. మళ్లీ అదే స్వరం వచ్చినప్పుడల్లా అదే మోత. పక్క స్వరాలు ఏ, బీ పట్టుకుంటే ఏమీ లేదు, జి దగ్గరికి దిగితే మళ్లీ మొదలు. పాడుతున్న అమ్మాయి వెనక్కి తిరిగి నా వైపు చూసింది. కీబోర్డు అబ్బాయి తల అడ్డంగా ఊపాడు. శబ్దం తగ్గించుకుని, ఆ పాటంతా జి స్వరాన్ని ఒక స్థాయి పైన వాయించి గట్టెక్కాను. ఇంకోటి కూడా గమనించాను. హారన్ నుంచి రావలసిన తీగ మీటిన చప్పుడు, వేలి స్పర్శ అసలు వినిపించలేదు. దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు ఉంది.

మైక్ సెట్ ఆయన స్పీకరు చిరిగిపోయిందన్నాడు. మర్నాడు విజయవాడలో ఒక మరమ్మతు దుకాణానికి తీసుకెళ్తే, అక్కడివారు బాక్సు విప్పకుండానే స్పీకరులో కదిలే కోన్ మార్చాలని చెప్పి, నా చెవులు మూసుకుపోయేంత ధర చెప్పారు. నేను ఇవ్వలేదు. ఇంటికొచ్చి స్పీకరు విప్పి, రెండు అరచేతులూ కోన్ మీద సమానంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కాను. లోపల కాయిల్ రాసుకుంటే గరగరమని తెలుస్తుంది. ఏమీ లేదు, వెన్నలా కదిలింది. మళ్లీ బిగించి, ముందు చట్రం పెట్టకుండా జి వాయించాను. ఎంత పెంచినా మోత లేదు. చట్రం పెట్టగానే వచ్చింది. చట్రం మీద చెయ్యి ఆనిస్తే కింద గాలి సందు ఎదురుగా గుడ్డ ఈగ రెక్కలా కొట్టుకుంటోంది.

అప్పుడు అర్థమైంది. ఇలాంటి బాక్సులో ఆ సందు ఊరికే పెట్టిన చిల్లు కాదు, దానికీ ఒక శ్రుతి ఉంటుంది. ఆ శ్రుతి దగ్గర స్పీకరు కోన్ దాదాపు నిలిచిపోతుంది, పనంతా సందులోని గాలి చేస్తుంది. బేస్ గిటార్‌లో ఆ జి స్వరం 49 హెర్ట్‌జ్, అంటే సెకనుకు 49 కంపనాలు. నా బాక్సు సందు దాదాపు అక్కడికే కుదిరి ఉంది. ఆ స్వరంలో గాలి ఉధృతంగా బయటికి వస్తుంటే, నేను దాని ముఖాన అందమైన గుడ్డ అడ్డం పెట్టాను.

మంగళగిరి వెళ్లి బాబాయికి చెబితే ఆయన నవ్వలేదు. గుడ్డ తీసుకుని వెలుతురుకు పట్టి చూశారు, తర్వాత పెదాలకు ఆనించి ఊదారు. "ఇది ఒంటి మీద వేసుకోవడానికి నేసింది నాయనా. పడుగూ పేకా దగ్గర దగ్గరగా ఉంటాయి, గాలి ఎక్కడ ఆడుతుంది? నీ పెట్టెకు ఏం కావాలో ముందే చెప్పొద్దూ?" అన్నారు. రెండు వారాల తర్వాత, మగ్గం మీద పడుగు చివరికి వచ్చినప్పుడు, మిగిలిన గజంన్నర మేర పేక పలుచగా వేసి వదులుగా నేసి ఇచ్చారు. ఊదితే ఊపిరి అవతలికి హాయిగా వెళ్లింది. దాన్ని తడిపి, నాలుగు వైపులా లాగి బిగించి, ఎండలో ఆరబెడితే డోలు మూతలా బిగిసింది. గాలి సందు ఎదురుగా మాత్రం గుడ్డ లేకుండా కత్తిరించి నల్ల ఇనుప జాలీ పెట్టాను. అంచును ఆ జాలీకి పైన సరిపడేలా పైకి జరిపాను. జి మళ్లీ నిండుగా, మోత లేకుండా వచ్చింది. వేలి చప్పుడూ తిరిగి వచ్చింది. నిజానికి రూపం ఇంకా బాగుంది.

ఇంకో మాట చెప్పాలి. మన ఊళ్లలో బేస్ అంటే బూమ్ అన్న నమ్మకం పాతుకుపోయింది. ఫంక్షన్ హాళ్లన్నీ గచ్చు, టైల్సు, అద్దాలు. ఎక్కడా ఒక తెర ఉండదు, కింది శబ్దం మూలమూలల్లో చేరి దొర్లుతూనే ఉంటుంది. అందులో మైక్ సెట్ వాళ్లు సబ్ ఊఫర్లు పెంచేస్తారు. ఛాతీ అదురుతుంది కానీ ఏ స్వరమో తెలియదు. బేస్ వాద్యకారుడు సా వాయించినా పా వాయించినా ఒకటే మోత. ఇరవై ఏళ్లు నేర్చుకున్న పనికి ఇంతకన్నా అవమానం లేదు.

బేస్ స్వరం మనకు తెలిసేది కింది మోత వల్ల కాదు, మధ్య స్థాయి శబ్దాల వల్ల, అంటే మిడ్ వల్ల. కింది ఈ తీగ 41 హెర్ట్‌జ్ దగ్గర మోగుతుంది. ఫోను స్పీకరు ఆ స్వరాన్ని పుట్టించనే లేదు. అయినా ఫోనులో పాట వింటుంటే బేస్ ఏ స్వరం పట్టిందో మీకు తెలుస్తుంది. ఎందుకంటే ఆ స్వరంతో పాటే దానికి రెండింతలు, మూడింతలు, ఇంకా పై రెట్లలో ఉపస్వరాలు మోగుతాయి, వాటిలో ఫోను వినిపించగల పైవాటిని బట్టి చెవి మూలస్వరాన్ని తానే ఊహించుకుంటుంది. ఆ ఉపస్వరాలు స్పష్టంగా ఇచ్చేదే మంచి యాంప్. పది మంది వాయిస్తుండగా మీ స్వరం విడిగా వినిపించాలంటే కింది నాబ్ కాస్త తగ్గించి మిడ్ పెంచండి. గదిలో ఒంటరిగా వాయిస్తే అది ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుంది. బృందంలో అదే కుదురుతుంది. అందుకే ఒంటరిగా వాయించి చూసి కొన్న యాంపులు మొదటి కచేరీలోనే నిరాశపరుస్తాయి. వీడియోలు చూసి కొనే పిల్లలకైతే ఏం చెప్పాలో తెలియడం లేదు. ఫోనులో విని బేస్ యాంపు ఎంచుకోవడం ఫోటో చూసి పచ్చడి రుచి చెప్పడమే.

వాట్ల పిచ్చి ఇంకొకటి. 250 వాట్ల యాంపు కన్నా 500 వాట్లది రెండింతలు గట్టిగా వినిపిస్తుందని అనుకుంటారు. తేడా 3 డెసిబెల్స్ మాత్రమే, చెవికి కొంచెమే తెలుస్తుంది. రెండింతలు గట్టిగా అనిపించాలంటే సుమారు పది రెట్ల శక్తి కావాలి. ఆ డబ్బుతో మంచి స్పీకరు కొనండి.

ఇప్పుడొస్తున్న క్లాస్ డీ అనే తేలికపాటి రకం హెడ్లు రెండు మూడు కిలోలే, చేతిసంచిలో పట్టేస్తాయి. నడుము నొప్పి ఉన్నవాడిగా వాటికి చేతులెత్తి దండం పెడతాను. మూడో అంతస్తు హాలుకు లిఫ్టు పనిచేయని రోజున 38 కిలోల హెడ్ మోసినవాడికి ఆ సుఖం తెలుస్తుంది. కానీ రూపం దగ్గర అవి నన్ను ఓడించాయి. వైఫై పెట్టెలా ఉంటాయి. వాటిని గట్టి చెక్క తొడుగులో అమర్చుకోండి, ఆ గౌరవం వాద్యానికి అవసరం. హార్ట్‌కీ వాళ్ల వెండి రంగు అల్యూమినియం కోన్లు, మార్క్‌బాస్ పసుపు కోన్లు నాకు నచ్చుతాయి. దూరం నుంచి చూసినా అవేమిటో తెలుస్తుంది. నచ్చనిది మాత్రం ఇప్పుడు మన దగ్గర పెళ్లిళ్లలో రంగులు మార్చే ఎల్‌ఈడీ వలయాలు బిగించిన బాక్సులు. ఆ దీపాల కరెంటు సరఫరా నుంచి సన్నని కీచు శబ్దం యాంపులోకి రావడం నా చెవులతో విన్నాను. ఆ అలంకారానికి శబ్దంతో ఏ సంబంధమూ లేదు, నా అభ్యంతరం అక్కడే.

మీరు కొనబోతుంటే ఇలా చేయండి. మీ గిటార్ మీరే తీసుకెళ్లండి. దుకాణంలో కీబోర్డు వాయించగల స్నేహితుణ్ణి వెంట తీసుకెళ్లి ఇద్దరూ కలిసి వాయించండి. కింది తీగ మీద ఒక్కో మెట్టూ ఎక్కుతూ ప్రతి స్వరం ఒకే బరువుతో వస్తుందో లేదో వినండి, ఒక్కటి గట్టిగా అరిచినా ఒక్కటి మాయమైనా ఆ బాక్సు వద్దు. అరచేయి ముందు గుడ్డ మీద ఆనించి చూడండి, తర్వాత వెనుక పలక మీద. ఎక్కడైనా విడిగా అదురుతుంటే గుడ్డ గాలికి అడ్డుపడుతుండవచ్చు, లేదా మేకులు వదులై ఉండవచ్చు. ఆ తర్వాత ఇరవై అడుగులు వెనక్కి వెళ్లి నిలబడి చూడండి. చూడగానే వాయించాలనిపించని పెట్టెను ఎంత బాగా మోగినా కొనకండి. ఏడాదిలో దాన్ని ఇంట్లో మూలన పడేస్తారు.

నా బాక్సు అంచు ఈ మధ్య ఒక చివర పోగులు పోతోంది. డిసెంబరుకు ముందే మార్చాలి. ఈసారి అంచు ఎరుపులో కావాలని బాబాయిని అడిగాను. మగ్గం మీద ఉన్న చీరలు పూర్తయి, పడుగు చివరికి రావాలన్నారు.