ఇద్దరు క్లీటస్‌లు, ముగ్గురు ఆంటిగోనస్‌లు

చిరంజీవి తమ్ముడికి, ఆశీస్సులు.

నీ నవల మొదటి భాగం చదివాను. అలెగ్జాండర్ రాజ్యం మాసిడోనియా గురించి ఇంత ఇష్టంగా రాస్తున్నావు, చాలా సంతోషం. ఒక్క విషయం మాత్రం నాకు నచ్చలేదు. అలెగ్జాండర్ సేనానుల్లో ఇద్దరి పేరూ క్లీటసే కాబట్టి పాఠకుడు తికమక పడతాడేమోనన్న టెన్షన్‌లో ఒక క్లీటస్ పేరు మార్చేశావు. ఆ పని వద్దు. పేరు కలిసినచోట మనిషిని ఇంకా దగ్గరగా చూపించు, చాలు.

పాతకాలం రచయితలే వాళ్లని నల్ల క్లీటస్, తెల్ల క్లీటస్ అని వేరు చేశారు. క్రీ.పూ. 334లో గ్రానికస్ నది దగ్గర స్పిత్రిడేటిస్ అనే పర్షియన్ వెనకనుంచి అలెగ్జాండర్ మీద కత్తి ఎత్తాడు. దెబ్బ పడేలోపే నల్ల క్లీటస్ ఆ చేతిని భుజం దగ్గర నరికేశాడని చరిత్రకారుడు అరియన్ రాశాడు. ఆరేళ్ల తర్వాత ఇప్పటి సమర్‌ఖండ్‌లో, విందులో తాగి ఉండగా మాటామాటా పెరిగింది. తన ప్రాణం కాపాడిన ఆ క్లీటస్‌నే అలెగ్జాండర్ ఈటెతో పొడిచి చంపాడు. క్లీటస్ తోబుట్టువు లానికే అలెగ్జాండర్‌ని పసితనంలో పెంచిన దాది. పెంచినందుకు ఆమెకి నేనిచ్చింది ఇదా అని అతను కుమిలిపోయాడట. నీ అధ్యాయంలో లానికే ఊసే లేదు!

తెల్ల క్లీటస్ నౌకాదళం నడిపినవాడు. క్రీ.పూ. 322లో అమోర్గోస్ దగ్గర ఏథెన్స్ ఓడల్ని ఓడించాడు. మూడో నాలుగో ఓడలు ముంచి తానే సముద్రదేవుడు పొసైడాన్‌నని చాటించుకుని త్రిశూలం పట్టుకు తిరిగాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ చెబుతాడు. ఇతన్ని, నల్ల క్లీటస్‌ని ఎవరు పొరబడతారు చెప్పు?

అక్కడ పేరంటే సింహాసనం మీద హక్కు కూడా. క్రీ.పూ. 323లో అలెగ్జాండర్ చనిపోయాక బాబిలోన్‌లో సైన్యం అతని సవతి సోదరుడు అర్హిడియస్‌ని రాజుని చేసినప్పుడు అతనికి తండ్రి ఫిలిప్ పేరే పెట్టారు. తర్వాత మాసిడోనియాని ఏలిన కసాండర్ కూడా ఆ ఫిలిప్ కూతుర్ని పెళ్లాడి, ఒక కొడుక్కి ఫిలిప్ అనే పేరు పెట్టాడు. పేర్లు మారిస్తే ఈ రాజకీయమంతా పోతుంది.

ఆంటిగోనస్‌లకి ఒకటి, రెండు, మూడు అని అంకెలు తగిలించి వదిలేశావు. మొదటివాడు అలెగ్జాండర్ సేనాని, ఒంటికన్నువాడు. సుమారు 80 ఏళ్ల వయసులో, క్రీ.పూ. 301లో, ఇప్సస్ యుద్ధంలో కొడుకు డిమెట్రియస్ వచ్చి కాపాడతాడని ఎదురుచూస్తూనే చనిపోయాడు. మనలాగే అక్కడా తాత పేరు మనవడికి వచ్చింది. ఆ మనవడు గోనటస్ గాల్ జాతివాళ్లని ఓడించి మాసిడోనియా రాజయ్యాడు. మూడోవాడు డోసన్, పసివాడైన ఐదో ఫిలిప్ తరఫున రాజ్యం చూసినవాడు.

అశోకుడి పదమూడో శిలాశాసనంలో ఒక ఆంటిగోనస్ పేరుంది. కాలాన్ని బట్టి అది గోనటసే. కర్నూలు వైపు ఎర్రగుడి బండల మీదా ఆ శాసనాలు చెక్కారు. వీలు చూసుకుని వెళ్లిరా.

ముందు ఆ విందు అధ్యాయం తిరగరాయి. క్లీటస్‌కి తన పేరు ఇచ్చెయ్, లానికేని తీసుకురా. రాయగానే నాకు పంపు.

నీ మేలు కోరే
అన్నయ్య