ఫ్యాషన్ షోల్లో ఎలక్ట్రానిక్ డ్యాన్స్ మ్యూజిక్ ఎందుకంత ఎక్కువగా వినిపిస్తుంది?

అసలు కారణం నడక. 1980లలో షికాగో క్లబ్బుల్లో రూపుదిద్దుకున్న హౌస్ అనే ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతం మామూలుగా నిమిషానికి 120 నుంచి 130 బీట్ల వేగంతో సాగుతుంది. చురుగ్గా నడిచే మనిషి అడుగులు కూడా నిమిషానికి దాదాపు అన్నే పడతాయి. పైగా హౌస్‌లో ప్రతి బీట్‌కీ కిక్ డ్రమ్ అనే బరువైన డ్రమ్ దెబ్బ ఒకేలా పడుతుంది. అందుకే ర్యాంప్ మీద మోడల్స్ లెక్కపెట్టుకోకుండానే అడుగు కలపగలుగుతారు.

ఇంకోటి, నిడివి. చాలా షోలు పది పదిహేను నిమిషాల్లో అయిపోతాయి. పల్లవి, చరణాలు ఉన్న పాటని మధ్యలో తెంచితే చెవికి వెంటనే తెలిసిపోతుంది. ఈ డ్యాన్స్ ట్రాక్‌లని మాత్రం డీజేలు ఒకదాంట్లోంచి మరోదాంట్లోకి కలపడానికి వీలుగానే తయారుచేస్తారు. వెనకాల ఎవరైనా బట్టలు మార్చుకోవడం ఆలస్యమైనా, వినేవాళ్లకి తెలియకుండా సాగదీయొచ్చు. మాటలు తక్కువ కాబట్టి దృష్టి బట్టల మీదే నిలుస్తుంది.

అలాగని ఏదో ఒక బీట్ పెట్టేస్తే సరిపోదు. ఫ్రెంచ్ ఫ్యాషన్ సంస్థ షనెల్‌లో డిజైనర్ కార్ల్ లాగర్‌ఫెల్డ్ షోలకి మిషెల్ గోబేర్ దశాబ్దాల పాటు సంగీతం సమకూర్చారు. నా దృష్టిలో అది కూడా డిజైనర్ పనితో సమానమైన పనే. తేలిపోయే షిఫాన్ గౌనుకి టెక్నో లాంటి బరువైన ఎలక్ట్రానిక్ సంగీతం పెడితే ఆ గుడ్డ కదలికలోని అందం కనబడదు.