హైబ్రిడ్ సైన్స్ క్లాసు: ఇంటికి పాఠం కాదు, పని పంపండి

"కొన్ని రోజులు బడిలో, కొన్ని రోజులు ఆన్‌లైన్‌లో సైన్స్ చెప్తున్నాం. వీడియోలు పంపినా పిల్లలు చూడటం లేదు" అని అడిగారు. నేను శ్రీకాకుళం జిల్లాలో, టెక్కలి వైపు ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. నన్నడిగితే వీడియో చూడకపోవడమే కాస్త నయం. ముందే చూసేస్తే జవాబు తెలిసిపోతుంది, ల్యాబ్‌లో ఏం చూపించినా "చూసేశాం సార్" అంటారు.

పదో తరగతి ఆమ్లాలు, క్షారాల పాఠానికి వాట్సాప్‌లో ఒక చిన్న వాయిస్ మెసేజ్ పెడతాను, అంతే. తెల్లగుడ్డ పీలికలకు పసుపునీళ్లు పట్టించి ఆరబెట్టాలి. ఒకదాని మీద బట్టల సబ్బు, ఒకదాని మీద చింతపండు పులుసు, ఇంకోదాని మీద కుంకుడు రసం వేయాలి. ఏ రంగు వస్తుందో ముందే రాసుకోవాలి. సబ్బు క్షారం కాబట్టి పీలిక ఎర్రబడుతుంది, పులుసు ఆమ్లం కాబట్టి పసుపుగానే ఉంటుంది. అసలు గొడవ కుంకుడుకాయ దగ్గర. సబ్బులా నురగ వస్తుంది కాబట్టి ఎర్రబడి తీరాలని అందరూ రాస్తారు, కానీ ఎర్రబడదు. మర్నాడు క్లాసులో "మా మామ్మ కుంకుళ్లు పాతవి సార్" అని ఒకడు, "కాదు, నీ పసుపే కల్తీ" అని ఇంకొకరు. నురగకి కారణం కాయలో ఉండే సాపోనిన్లు అనే పదార్థాలు, ఆ రసం కొంచెం ఆమ్లమే అని చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు.

ఫొటోలు అడగకండి, ఒకడి ఫొటో పదిమందికి ఫార్వర్డ్ అవుతుంది. పీలికలు నోట్‌బుక్‌లో అంటించి తెమ్మనండి. మా దగ్గర చాలా ఇళ్లలో ఉన్నది ఒకే ఫోన్, అదీ నాన్న పని నుంచి వచ్చాకే చేతికొస్తుంది. అందుకని లైవ్ క్లాసు పెట్టను.

మరి స్క్రీన్ ఎందుకంటే, కంటికి కనపడని దానికి. ఫెట్ (PhET) అని స్క్రీన్ మీదే ప్రయోగాలు చేసి చూసే ఉచిత సిమ్యులేషన్లు ఉన్నాయి, వాటిలో పీహెచ్ స్కేల్ ఒకటి. పీహెచ్ అంటే ఆమ్లమా, క్షారమా, ఎంత ఘాటు అని చెప్పే అంకె; 7 కంటే ఎంత తగ్గితే అంత ఘాటైన ఆమ్లం. ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. అందులో బ్యాటరీ యాసిడ్‌కి నీళ్లు కలిపి పది రెట్లు పలచన చేస్తే పీహెచ్ 1 నుంచి 2కి వస్తుంది. ఇది వంటింట్లో చేయించేది కాదు కదా. క్విజ్‌లు, బ్యాడ్జీలు అంటారా, కొత్తలో సరదా, అంతే.

బాత్‌రూమ్ యాసిడ్ జోలికి పోవద్దని మాత్రం ఆ వాయిస్ మెసేజ్‌లోనే గట్టిగా చెప్పండి. చెప్పకపోతే ఎవడో ఒకడు పీలిక మీద పోసి చూస్తాడు.