పెళ్లికి ముందే అన్నీ తెలుసుకుంటే పిల్లలు వద్దనిపిస్తుందా?

ప్రశ్న: నాకు 25 ఏళ్లు. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. వచ్చే మాఘంలో మా మేనబావతో పెళ్లి. ఆయన కువైట్‌లో పనిచేస్తారు, ఏడాదికోసారి 40 రోజుల సెలవు మీద వస్తారు. పెళ్లికి ముందే డాక్టరుతో మాట్లాడి కాన్పు గురించి, గర్భనిరోధకాల గురించి తెలుసుకుంటానంటే అమ్మ వద్దంటోంది. ‘అవన్నీ వింటే భయపడి పిల్లలే వద్దంటావు’ అని ఆమె బాధ. నాకైతే రెండేళ్లు ఆగాలనుంది. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు, కోనసీమ

జవాబు: మీ అమ్మగారి భయాన్ని కొట్టిపారేయలేం. చెప్పే పాఠాన్ని బట్టి వినేవాళ్ల ఆలోచన మారుతుంది. ఇరాన్‌లో 1990ల్లో పెళ్లి చేసుకునే జంట కుటుంబ నియంత్రణ తరగతికి వెళ్లితీరాలి. జననాలు బాగా తగ్గాక ప్రభుత్వమే మాట మార్చి, ఇప్పుడు పిల్లల్ని త్వరగా కనమని చెప్పిస్తోంది. అయితే అక్కడ జననాలు తగ్గింది ఆ తరగతి వల్లే కాదు. ఆడపిల్లల చదువూ, పెళ్లి వయసు పెరగడమూ ఉన్నాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి తప్పనిసరి తరగతి ఏదీ లేదు. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం ఒక మహిళకు సగటున 1.7 మందే పిల్లలు. తరగతి లేకపోయినా పిల్లలు తగ్గారన్న ఈ మాట అమ్మగారికి చెప్పండి.

పిల్లలు కావాలా, ఎప్పుడు అనే ఆలోచన మూడింటి మీద నిలబడుతుంది: మీ ఇష్టం, చుట్టూ ఉన్నవాళ్ల కోరిక, ‘నా వల్ల అవుతుంది’ అన్న ధైర్యం. మంచి కౌన్సెలింగ్ ముఖ్యంగా పనిచేసేది మూడో దాని మీద. కాన్పు నొప్పి, ఉద్యోగం, భర్త దూరంగా ఉండడం లాంటి పేరులేని భయాలకు లెక్కలూ తేదీలూ దొరుకుతాయి. ‘ముప్పై దాటితే అంతే’ అని బెదిరించేదీ, మాత్రల పేర్లు చదివి పంపేసేదీ నా దృష్టిలో కౌన్సెలింగే కాదు. వాస్తవం ఏమిటంటే గర్భం నిలిచే అవకాశం 32 దాటాక మెల్లగా, 37 దాటాక వేగంగా తగ్గుతుంది. మీరు 27కి మొదలుపెట్టినా తొందర లేదు.

మీ విషయంలో అసలు మాట్లాడాల్సింది మేనరికం. మామూలు జంటల్లో పుట్టుకతో లోపాలున్న బిడ్డలు నూటికి ఇద్దరు ముగ్గురు. మేనబావ–మరదలు అయితే దాదాపు రెట్టింపు. అంటే నూటికి 94 మందికి పైగా బాగానే పుడతారు. కానీ ఇద్దరూ తలసీమియా (రక్తం సరిగా తయారుకాని వంశపారంపర్య జబ్బు) వాహకులైతే, అంటే తమకు జబ్బు లేకున్నా దాని జన్యువు మోస్తుంటే, ప్రతి గర్భంలోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ముందు రక్తపరీక్షలో ఎంసీవీ (ఎర్రకణం సైజు) 80 కన్నా, ఎంసీహెచ్ (ఒక్కో కణంలో ఉండే హిమోగ్లోబిన్) 27 కన్నా తక్కువుందేమో చూస్తారు. తర్వాత, హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసే పరీక్ష అయిన హెచ్‌పీఎల్‌సీలో హిమోగ్లోబిన్ ఏ2 మూడున్నర శాతం దాటితే వాహకులని అనుమానిస్తారు. ఐరన్ లోపం బాగా ఉంటే ఏ2 తక్కువగా కనిపించి మోసం చేస్తుంది, కాబట్టి దాన్నీ చూడాలి. మీ బావగారి పరీక్ష కువైట్‌లోనే చేయించుకోవచ్చు.

వీటితోపాటు థైరాయిడ్, షుగర్, బ్లడ్ గ్రూపు. మీది నెగటివ్, ఆయనది పాజిటివ్ అయితే పెళ్లి ఆపక్కర్లేదు. గర్భంలో 28వ వారంలో, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పు తర్వాత 72 గంటల్లోపు యాంటీ–డి ఇంజెక్షన్ చాలు. రుబెల్లా టీకా వేసుకున్న ఆధారం లేకపోతే ఇప్పుడే వేయించుకోండి, ఆ తర్వాత ఒక నెల గర్భం రాకూడదు. మాఘంలో పెళ్లి అంటే ఇవన్నీ కార్తీకంలోనే మొదలుపెట్టాలి.

ఇక రెండేళ్లు ఆగడం. ‘మొదటిసారే ఆపుకుంటే తర్వాత రాదు’ అనేది అపోహ. మాలా–ఎన్ లాంటి గర్భనిరోధక మాత్రలు మానేశాక కొద్ది నెలల్లోనే అండం విడుదల మామూలవుతుంది. మూడు నెలలకోసారి వేసే గర్భనిరోధక ఇంజెక్షన్ అంతరా మాత్రం మీకు సరిపడదు: చివరి డోసు తర్వాత గర్భానికి 7 నుంచి 10 నెలలు పట్టొచ్చు, 40 రోజుల సెలవుకి ఆ లెక్క కుదరదు. బీపీ, కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్, రక్తం గడ్డకట్టే సమస్య ఉంటే మాలా–ఎన్ వద్దు. అప్పుడు కండోమ్, ఛాయా (హార్మోన్ లేని మాత్ర), కాపర్–టీ గురించి అడగండి.

ఒక పొరపాటు పెళ్లిళ్ల సీజన్‌లో మళ్లీమళ్లీ జరుగుతుంది. ముహూర్తానికి నెలసరి అడ్డురాకుండా నోరెథిస్టిరోన్ 5 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు మూడు చొప్పున, నెలసరి రావాల్సిన తేదీకి మూడు రోజుల ముందు నుంచి వాడతారు. అది గర్భం రాకుండా ఆపదు! ‘మాత్రలు వేసుకుంటున్నాగా’ అనుకున్న కొత్త పెళ్లికూతుళ్లే తర్వాత నెల తప్పి వస్తారు. దానికి బదులు పెళ్లికి ముందు నెలసరి మొదటి రోజునే మాలా–ఎన్ మొదలుపెట్టి, 21 హార్మోన్ మాత్రలు అయ్యాక ఐరన్ మాత్రలు వదిలేసి కొత్త ప్యాకెట్ అందుకుంటే రెండు పనులూ అవుతాయి. డాక్టరు బీపీ చూసి సరేనన్నాకే.

పిల్లలు కావాలనుకున్న సెలవుకి మూడు నెలల ముందు నుంచి రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం వేసుకోండి. బిడ్డ వెన్నుగొట్టం (తర్వాత మెదడు, వెన్నుపాముగా మారేది) గర్భం నిలిచిన 28 రోజులకే మూసుకుంటుంది, అప్పటికి చాలామందికి గర్భం సంగతే తెలియదు. నెలసరి 28 రోజులకోసారి వస్తుంటే 10వ రోజు నుంచి 18వ రోజు దాకా రోజు విడిచి రోజు కలవాలి. ఆరోగ్యంగా ఉన్న జంటకైనా ఒక నెలలో అవకాశం 20–25 శాతమే. 40 రోజుల్లో దొరికేది ఒకటి, మహా అయితే రెండు అవకాశాలు. ఒక సెలవులో నిలవకపోతే ‘గొడ్రాలు’ అనే నోళ్లకు ఈ లెక్క చెప్పండి. సంతానలేమికి పెట్టే ఏడాది గడువు కలిసి ఉన్న నెలలకే, విమానం ఎక్కాక గడిచిన నెలలకు కాదు. వీర్యపరీక్ష అవసరమైతే ఆయన వచ్చిన మొదటి వారంలోనే, అంతకుముందు 2 నుంచి 7 రోజులు వీర్యస్ఖలనం లేకుండా ఆగి చేయించండి.

డాక్టరు దగ్గరకు అమ్మగారిని కూడా తీసుకెళ్లండి. మీ ఇంట్లో మేనరికం ఎన్ని తరాల నుంచి ఉంది, ఎవరి బిడ్డ చిన్నప్పుడే పోయింది, ఎవరికి తరచూ రక్తం ఎక్కించేవారు అని డాక్టరు మొదట అడుగుతారు. ఆ వివరాలు ఆమె దగ్గరే ఉంటాయి.