గుర్రం ఎక్కకుండా గుర్రంతో థెరపీ ఏంటి?

"గుర్రమే ఎక్కనప్పుడు మనసుకు చికిత్స ఎలా?" అని నల్గొండ నుంచి అడిగారు కదా. మన దగ్గర గుర్రమంటే పెళ్లి బారాత్‌లో ఎక్కేదే, అందుకే వింతగా ఉంటుంది. ఇందులో అంతా నేల మీదే: దగ్గరికెళ్లడం, ఒళ్లు దువ్వడం, పగ్గం లేకుండా వెంట నడిపించుకోవడం. పక్కన ఒక థెరపిస్టు, గుర్రాల సంగతి తెలిసిన మనిషి ఒకరు ఉంటారు. 1999లో అమెరికాలో మొదలైన ఈగాలా అనే సంస్థ పద్ధతి ఇదే.

గుర్రం వేటాడే జంతువులకు భయపడి బతికే జీవి కాబట్టి మన ఒంట్లో బిగువును చప్పున పసిగడుతుంది. పైకి నవ్వుతూ లోపల టెన్షన్‌తో వెళ్తే చెవులు వెనక్కి వాల్చి, ఒకడుగు పక్కకు జరగొచ్చు. అప్పుడు థెరపిస్టు "ఇప్పుడు ఏం జరిగింది?" అంటారు, అసలు మాట అక్కడ మొదలవుతుంది. నోరు విప్పలేని పిల్లల విషయంలో నాకు ఇదే బాగా నచ్చుతుంది. దీని మీద పరిశోధనలు ఇంకా చిన్నవే, కాబట్టి డాక్టరు రాసిన మందులు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.